ముందుగా చెప్పిన సాక్ష్యం

జగ్గయ్యపేటలో మా సంఘానికి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. చివరి అరగంట సాక్ష్యాలకి. దానికో పద్ధతి ఉంది. నిలబడి మైకు అందుకోవాలి. పాస్టరు అయ్యగారికి, ఆయన భార్య అమ్మగారికి, సంఘానికి వందనాలు చెప్పాలి. వచ్చిన కష్టం ఏమిటో చెప్పాలి. అది తీరిపోయిందని చెప్పి కూర్చోవాలి. ఆ మాట చెప్పే వేళకి కష్టం నిజంగా తీరి ఉండాలన్న నియమం లేదు. తీరుతుందన్న నమ్మకంతో, తీరిపోయినట్టే చెప్పి, దేవునికి ముందుగానే స్తోత్రం చెల్లించడం మా వాళ్ళ అలవాటు. దాన్ని ఎవరూ అబద్ధం అనుకోరు. నేనూ అనుకోలేదు.

నందిగామలో డిప్లొమా చదివేటప్పుడు, చివరి సెమిస్టరు ఫలితాలకి వారం ముందే మా అమ్మ లేచి నిలబడి, "మా అబ్బాయి అన్ని సబ్జెక్టులూ పాసయ్యాడండి, దేవునికి స్తోత్రం" అని చెప్పేసింది. నేను వెనక వరసలో తల దించుకున్నాను.

"అమ్మా, కంట్రోల్ సిస్టమ్స్ పోయేట్టుంది. కాస్త ఆగలేకపోయావా?" అన్నాను ఇంటికొచ్చాక.

"నోరు ముయ్యి. నేను నీ గురించి చెప్పానా? దేవుడి గురించి చెప్పా."

రెండు మార్కులతో గట్టెక్కాను. అమ్మ మళ్ళీ సాక్ష్యం చెప్పలేదు. ముందే చెప్పేసింది కదా.

మా పిన్ని ఇంకా తేలిగ్గా చెప్పేది. షుగరు పూర్తిగా పోయిందని మైకులో చెప్పి, కూడిక అయ్యాక భోజనాల బంతిలో కూర్చుని, హ్యాండ్‌బ్యాగులోంచి మాత్ర తీసి అన్నానికి ముందు వేసుకునేది. "పోయిందన్నావుగా పిన్నీ?" అని అడిగితే, "పోయింది. ఇది మళ్ళీ రాకుండా" అనేది. బంతిలో అందరం నవ్వుకునేవాళ్ళం. సాక్ష్యం సాక్ష్యమే, మాత్ర మాత్రే. రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తాయని నాకు ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు ఇది రాయడానికి కారణం కూడా అదే.

డిప్లొమా తర్వాత నాలుగేళ్ళు జగ్గయ్యపేట దగ్గరే ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్లో పనిచేశాను. పీడనం, ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించడం నా పని. ప్రతి పరికరానికీ ఒక కాగితం. అది చూపించిన అంకె ఒక గడిలో, అసలు అంకె పక్క గడిలో, తేడా మూడో గడిలో. ఆ పని నాకు నచ్చేది. తర్వాత దేవుని సేవకి పిలుపు ఉందనుకున్నాను. ఒక మిషను సంస్థలో శిక్షణ తీసుకున్నాను. మూడేళ్ళ క్రితం వాళ్ళు నన్ను మలావీకి పంపారు. ఆఫ్రికాలో తూర్పు వైపు, పొడవాటి సరస్సు పక్కన సన్నగా ఉండే దేశం అది. నేను బయలుదేరే వారం మా సంఘం వాళ్ళు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో నా ఫోటో మా అయ్యగారి ఫోటోకంటే కొంచెం చిన్నది, ఆఫ్రికా పటం కంటే చాలా పెద్దది.

మొదటి ఏడాది నా పని బోధించడం కాదు, భాషలు నేర్చుకోవడం. ముందు చిచేవా, అది దేశంలో ఎక్కువమందికి వచ్చిన భాష. తర్వాత చియావో, అది సరస్సు వైపు ఊళ్ళలో మాట్లాడేది. రోజుకి ఇరవై మాటలు పెట్టుకున్నాను. ఒక్కో మాటకి ఒక అట్టముక్క. ఒక వైపు తెలుగు మాట, రెండో వైపు తెలుగు లిపిలోనే వాళ్ళ మాట. సాయంత్రం చూసుకుని, తప్పిన ముక్కలు వేరే కట్ట కట్టి పక్కన పెట్టేవాణ్ణి. ఆ తప్పుల కట్ట సన్నబడితే ఆ రోజు మంచి రోజు.

చిచేవా నేర్పింది ఒక వితంతువు. ఏభై దాటి ఉంటాయి. ఊరంతా ఆమెని అమాయి అని పిలిచేది, అంటే అమ్మ అనే. నేనూ అలాగే పిలిచాను. పొద్దున్నే ఆమె అరుగు మీద మొక్కజొన్న కంకులు వలుస్తూ కూర్చుంటే, నేను ఎదురుగా కూర్చుని నోట్సు రాసుకునేవాణ్ణి. రోజూ వెళ్ళేవాణ్ణి కాబట్టి మధ్యాహ్నం తిండి అక్కడే. ఆమె మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కానీ, ఆమె నాతో చిచేవా తప్ప ఇంకేం మాట్లాడేది కాదు.

మొదటి వారంలోనే మాకు పేచీ వచ్చింది. పుస్తకంలో ఉన్న వాక్యం చదివాను: "నిన్న నేను చేప తిన్నాను."

"తినలేదు," అంది.

"వాక్యం తప్పా అమాయీ?"

"వాక్యం బాగానే ఉంది. నువ్వే చేప తినలేదు. నిన్న మా ఇంట్లో గుమ్మడాకు కూర తిన్నావు. అది చెప్పు."

"ఇది ఊరికే అలవాటు కోసం. నిజం కానక్కర్లేదు."

"నా దగ్గర అబద్ధాలు అలవాటు చేసుకోకు. కావలిస్తే మీ ఊరెళ్ళి చేసుకో."

నవ్వుతూనే అంది. కానీ ఒప్పుకోలేదు. ఆ తర్వాత, బజారుకి వెళ్ళానని చెప్పడం నేర్చుకోవాలంటే బజారుకి వెళ్ళి రావలసి వచ్చేది. సైకిలు బాగుచేశానని చెప్పడానికి ఆమె మరిది సైకిలు నిజంగానే విప్పి బిగించాను. ఊళ్ళో పిల్లలు నన్ను చూసి "ఇండియావాడు మళ్ళీ పాఠం చేస్తున్నాడు" అని కేకలు పెట్టేవాళ్ళు. అలా నేర్చుకున్నదేదీ ఇంతవరకు మరిచిపోలేదు.

మూడో నెలలో ఆమెకి దగ్గు తగ్గకపోతే పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను. టీబీ అన్నారు. ఆరు నెలలు మందు. రెండు నెలలు ఒక రకం, నాలుగు నెలలు ఇంకో రకం, ఒక్క రోజు కూడా మానకూడదు. నేను ఒక పెద్ద కాగితం మీద నూట ఎనభై గళ్ళు గీసి ఆమె గోడకి అంటించాను. ఆమె రోజూ మాత్రలు మింగి, బొగ్గుతో ఒక గడి నింపేది. రెండు నెలలకి దగ్గు పోయింది. చెంపలు నిండాయి. తెమడ పరీక్షలో క్రిములు లేవని వచ్చింది. "ఇంకా నాలుగు నెలలు" అన్నాడు అక్కడి ఆరోగ్య కార్యకర్త. ఆమె తలూపింది. గళ్ళు నింపుతూనే ఉంది.

అప్పుడు మా అయ్యగారి ఫోన్ వచ్చింది.

"బాబూ, వార్షికోత్సవం మీటింగులు దగ్గరికొచ్చినయ్. ఈసారి బయట నుంచి జనం వస్తారు. నీ దగ్గర్నుంచి ఒక్క సాక్ష్యం పంపు. రిపోర్టు కాదు నాయనా, రిపోర్టు ఎవరూ వినరు. మనిషి కనపడాలి. వీడియో అయితే స్క్రీన్ మీద వేద్దాం."

"చూస్తానండి."

"చూస్తా కాదు. ఆ టీబీ అమ్మ గురించి రాశావు కదా మొన్న. ఆవిడ చేత చెప్పించు."

అమాయిని అడిగాను. "నా మందు ఇంకా అవలేదు," అంది. మా దగ్గర ఇలా ముందుగానే చెప్తామని వివరించాను. మా అమ్మ నా పరీక్ష గురించి చెప్పిన సంగతి చెప్పాను. ఆమె వలుస్తున్న కంకి పక్కన పెట్టింది.

"మీ దగ్గర అలా చెబితే దేవుడు చేస్తాడా?"

"చేశాడు," అన్నాను.

"సరే. కానీ ఫోనుకి చెప్పను. ఫోనుకి మాత్రమే చెబితే దాచినట్టుంటుంది. ఆదివారం అందరి ముందూ చెప్తాను. నువ్వు తీసుకో."

ఆ సంభాషణలో నేను చెప్పకుండా వదిలేసింది ఒకటే ఉంది. మా పిన్ని హ్యాండ్‌బ్యాగు సంగతి.

ఆదివారం అక్కడి చర్చి రేకుల కప్పు కింద ఆమె లేచి, బాగయ్యానని చెప్పింది. రెండు నిమిషాల కంటే తక్కువ. చివర్లో నవ్వింది. జనం చప్పట్లు కొట్టి పాడారు. ఆమె మరిది వచ్చి చెయ్యి పట్టుకుని ఊపాడు. నేను ఫోన్లో తీసిన ఆ వీడియోకి కింద తెలుగు అక్షరాలు వేసి సాయంత్రానికి పంపించాను. జగ్గయ్యపేటలో స్క్రీన్ మీద వేశారు, తర్వాత సంఘం చానల్లో పెట్టారు. నా ఫోన్ నిండా ఆమేన్లు. ఆ గురువారమే చియావో నేర్చుకోవడానికి సరస్సు పక్కనున్న ఊరికి బయలుదేరాను. మధ్యలో ఉన్న మూడు రోజులూ సామాను సర్దుకున్నాను. ఆమె ఇంటికి వెళ్ళి వీడ్కోలు చెప్పాను కానీ గుమ్మం లోపలికి వెళ్ళలేదు.

తొమ్మిది వారాల తర్వాత ఒక గురువారం తిరిగొచ్చాను. ఆమె దగ్గు వీధిలోకే వినిపించింది. లోపలికి వెళ్ళి ముందు గోడ చూశాను. ఎనభై ఒకటో గడి దాకా బొగ్గు. తర్వాత అంతా తెల్లగా ఉంది. ఒక డబ్బాలో మాత్రల అట్టలు విప్పకుండా పేర్చి ఉన్నాయి. ఆరోగ్య కార్యకర్త ఒకసారి వచ్చి అడిగితే, బాగయ్యానని చెప్పి పంపేసిందట.

"ఎందుకు ఆపావు అమాయీ?"

"బాగయ్యానని అందరి ముందూ చెప్పాను కదా. మర్నాడు మాత్ర మింగితే నేను చెప్పిందేమిటి?"

"మా దగ్గర అలా చెప్తాం. చెప్పి, మాత్రలు కూడా వేసుకుంటాం."



"ఆ సంగతి అప్పుడు చెప్పలేదు."

"చెప్పలేదు. నాకు తోచలేదు."

రేపే ఆసుపత్రికి వెళ్దామన్నాను. ఎవరికీ తెలియకుండా దూరంగా ఇంకో కేంద్రానికి తీసుకెళ్తానన్నాను. ఒప్పుకోలేదు. తన కూతురు ఆ సంఘంలో పాటలు పాడుతుంది. దేవుడి పేరు మీద అబద్ధమాడిన మనిషి కూతురు అంటారు. తను దొంగలా పక్కూరి ఆసుపత్రికి పోదు.

"వెళ్తాను. ముందు నువ్వు నిలబడి చెప్పు. ఆ మాట నీది. నా నోటితో చెప్పించావు. నీ నోటితో వెనక్కి తీసుకో. ఆ మర్నాడే వెళ్తాను."

ఆమె ప్రాణం ఆ ఒక్క పని మీద ఉందని ఆ క్షణాన నాకు స్పష్టంగా తెలుసు. అది తెలియక ఆలస్యం చేశానని రాసుకునే అవకాశం నాకు లేదు. ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగి చెప్పి ఉండొచ్చు. దానికి బదులు, నా చిచేవా చాలదనుకుని, వాక్యాలు రాయడానికి కూర్చున్నాను. ఏడు వాక్యాలు రాశాను. నా తప్పులు దిద్దేది ఆమె ఒక్కతే కాబట్టి శనివారం ఆమెకే చూపించాను.

రెండో వాక్యం దగ్గర ఆపింది. ఒక పొరపాటు జరిగింది అని రాశాను.

"ఎవరు చేశారు?"

"నేనే."

"మరి అదెందుకు రాయలేదు? పొరపాటు తనంతట తను నడిచొచ్చిందా?"

నాలుగో వాక్యంలో దేవుడు ఇంకా స్వస్థపరుస్తూనే ఉన్నాడని రాశాను. "ఇది నీకెలా తెలుసు?" అని కొట్టేసింది. దగ్గుతూ, ఆగుతూ, బొగ్గు ముక్కతో కొట్టేస్తూ పోయింది. ఏడింటిలో మూడు మిగిలాయి. నాలుగోది తనే చెప్పి రాయించింది.

మొదటి ఆదివారం జిల్లా నుంచి పెద్ద పాస్టరు వచ్చారు. అతిథి ముందు బాగుండదనుకుని కాగితం జేబులోంచి తియ్యలేదు. ఆమె చివరి వరసలో, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చుంది. కూడిక అయ్యాక నా వైపు ఒకసారి చూసి ఇంటికి వెళ్ళిపోయింది.

రెండో ఆదివారానికి ముందు రోజు మధ్యాహ్నం జగ్గయ్యపేటకి ఫోన్ చేశాను.

"అయ్యగారూ, వందనాలండి. ఆ వీడియో తీసెయ్యాలండి. ఆవిడకి మళ్ళీ దగ్గు మొదలైంది. మాత్రలు ఆపేసింది."

"ఆపమని నువ్వు చెప్పావా?"

"లేదండి."

"మరి నీ తప్పేముంది బాబూ? వేసుకోమని చెప్పు. ఇక్కడ మేం ప్రార్థన పెడతాం."

"ఆవిడ వేసుకోవాలంటే, ఆ సాక్ష్యం నేను అడిగి చెప్పించిందేనని ఇక్కడ సంఘంలో నిలబడి చెప్పాలండి. అక్కడ మన దగ్గరా చెప్పాలి."



"చూడు నాయనా. ఆ వీడియో చూసి ఇక్కడ ఎంతమంది ఏడ్చారో నీకు తెలీదు. ఇప్పుడు కాదంటే వాళ్ళ విశ్వాసం ఏం కావాలి? అవతలోళ్ళు నవ్వరా? కొంచెం ఆగు. ఆవిడ బాగవుద్ది. నువ్వన్నదే నిజమవుద్ది. తొందరపడి నోరు జారకు."

ఆయన ఆగమన్నారు కాబట్టి ఆగాను అని రాస్తే అది నిజం కాదు. ఆగమని ఎవరైనా చెబుతారేమోననే ఫోన్ చేశాను. ఆ ఆదివారం కూడికకే వెళ్ళలేదు.

మూడో ఆదివారం నిలబడ్డాను. కాగితంలో ఉన్న నాలుగు వాక్యాలూ చదివాను. ఈ అమ్మ బాగవలేదు. మందు పూర్తికాకముందే బాగయ్యానని చెప్పమని నేను అడిగాను. మా దేశంలో మా సంఘానికి చూపించుకోవాలని అడిగాను. ఆమె అబద్ధమాడలేదు, నేను ఆడించాను.

ఎవరూ కేకలు వెయ్యలేదు. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒక ముసలాయన లేచి, "మరి ఆమెని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు?" అని అడిగాడు. మరిది చెయ్యెత్తాడు. ఈ ఒక్క ప్రశ్నకే నేను పదిహేడు రోజులు భయపడ్డాను.

సోమవారం సైకిలు టాక్సీ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. నేను ఇంకో సైకిలు మీద వెనకే వెళ్ళాను. అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి పంపారు. మళ్ళీ మొదటి రకం మందు మొదలుపెట్టారు. ఆమెకి మాట్లాడే ఊపిరి ఉన్న రోజున వార్డులో వస్తువులు వేలితో చూపించేది, నేను పేర్లు చెప్పాలి. దుప్పటి, గిన్నె, కిటికీ. తప్పు చెబితే వేలు దించేది కాదు. ఇరవై మూడో రోజు చనిపోయింది.

అక్కడి వైద్యుణ్ణి ఒక ప్రశ్న అడిగాను. ఆ పదిహేడు రోజుల వల్ల పోయిందా, అంతకు ముందు తొమ్మిది వారాల వల్లా? అలా విడదీసి చెప్పలేమన్నాడు. నేను ఇంకోసారి అడిగాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

సమాధి పూడ్చేటప్పుడు అక్కడి మగవాళ్ళు వంతులవారీగా పార పట్టుకుంటారు. నాకూ ఒక వంతు ఇచ్చారు. అంతా అయ్యాక ఆమె కూతురు నా దగ్గరికొచ్చింది.

"ఆ వీడియో నాకు పంపుతావా? అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు."

పంపాను.

వీసా గడువు తీరి జగ్గయ్యపేట వచ్చేసరికి ఇంకో నాలుగు నెలలు గడిచాయి. కల్లాల్లో మిర్చి ఎత్తేశారు, ఎండలు ముదిరాయి. శనివారం అయ్యగారి ఇంటికి వెళ్ళాను. అమ్మగారు మజ్జిగ ఇచ్చారు. వీడియో ఇంకా చానల్లోనే ఉంది. రేపు ఏం మాట్లాడబోతున్నానో చెప్పాను.

"ఆవిడ ప్రభువునందు నిద్రించిందని చెప్పు, సరిపోద్ది," అన్నారు అయ్యగారు. "మిగతాదంతా ఎందుకు? నిన్ను నువ్వు తక్కువ చేసుకోవడం."

"తక్కువ ఎక్కువ కాదండి. జరిగింది చెప్తా."

"నీ ఇష్టం బాబూ. చదువుకున్నోడివి."

ఆదివారం కాగితం చూసి చదివాను. సాక్ష్యం ఏ రోజు చెప్పించానో, మందు ఏ రోజు ఆగిందో, నాకు ఏ రోజు తెలిసిందో, తెలిశాక ఎన్ని రోజులు ఊరుకున్నానో, ఎన్నో రోజున చనిపోయిందో. సొంత భాషలో చదవడం చిచేవాలో చదవడం కంటే కష్టమైంది. ప్రతి మాటకీ ఎదురుగా ఉన్న ముఖాలు ఎలా మారతాయో ముందే తెలుసు. మూడో పేరా మధ్యలో కీబోర్డు దగ్గరి కుర్రాడు మెల్లగా వాయించడం మొదలెట్టాడు. మా దగ్గర ఎవరి గొంతు వణికినా వాయిస్తారు. నేను ముగించగానే అయ్యగారు మైకు అందుకున్నారు.

"ఇక్కడ దొరికేది సగం స్వస్థతే. మన సహోదరి ఇప్పుడు సంపూర్ణ స్వస్థత పొందింది. ఆమేన్ అందామా?"

అందరూ ఆమేన్ అన్నారు. మా అమ్మ కూడా అంది. తర్వాత వరసగా వచ్చి చేతులు కలిపారు. "బాగా చెప్పావు బాబూ." "కళ్ళమ్మట నీళ్ళొచ్చినయ్." మా పిన్ని బుగ్గలు నిమిరింది. ఒక్కరికీ కోపం రాలేదు. ఎవరైనా తిడతారని ఎదురుచూశానని అప్పుడు తెలిసింది.

చెప్పులు విడిచే చోట ఒకామె కాచుకుని ఉంది. పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో వచ్చిందట. మిరపకోత పనులకి పోయే మనిషి, వేళ్ళ సందుల్లో ఇంకా ఎరుపు ఉంది.

"బ్రదరుగారండీ, ఆవిడ ఆపేసినయ్ టీబీ మాత్రలేనా?"

"అవునండి."

"మా ఆయనా అయ్యే వేసుకునేవోడు. నీ వీడియో ఎవరో ఫోన్లో పంపారు. అది చూసి, ఆవిడకి తగ్గినప్పుడు నాకు తగ్గదా అని అట్టలన్నీ తీసి అటక మీద పడేశాడు. నేను చెబితే వినట్లా. నువ్వే వచ్చి చెప్పు రేపు."

మా ఊళ్ళో సాక్ష్యం విని ఎవరూ మాత్ర మానరన్నది, నేను పరీక్షించకుండా నమ్మిన అంకె. పిన్ని ఒక్కతెని చూసి అందరికీ రాసేశాను.

అతని చికిత్స కార్డు నందిగామ ప్రభుత్వాసుపత్రిలో ఉంది. సోమవారం పొద్దున జగ్గయ్యపేటలో ముగ్గురం బస్సెక్కాం. అతను ట్రాక్టరు డ్రైవరు, నాకంటే పాతికేళ్ళు పెద్ద. దారంతా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఓపీ చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాక మొదలెట్టాడు.

"ఏంది బ్రదరూ, ఆఫ్రికా నుంచి నాకోసమే వచ్చావా?"

"మీకోసమేనండి."

"మాన్పించింది నువ్వే, మింగమనేదీ నువ్వే. బండి ఆపమని, తోసి స్టార్ట్ చెయ్యమన్నట్టుంది."

"కాస్త మెల్లగా అనండి, జనం చూస్తన్నారు," అంది ఆమె.

"చూడనీ. వీడియో చూళ్ళేదా జనం?"

"మానెయ్యమని నేను అనలేదండి," అన్నాను. అంటూనే, ఆ రోజు ఫోన్లో అయ్యగారితోనూ ఇదే అన్నానని గుర్తొచ్చింది.

"అనలేదులే. ఆవిడ నవ్వింది చూడూ చివర్లో, ఆ నవ్వు చూసి ఆపేశా. నాకు రోజూ వికారం, ముద్ద దిగదు. అంత తేలిగ్గా నవ్వుతా ఉంటే ఎవడికి ఆశ పుట్టదు?" దగ్గు వచ్చి ఆగాడు. తువ్వాలు తీసి నోరు తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఆపాక ఎన్నాళ్ళు ఉంది?"

"నూట ఏడు రోజులండి."

"నేను ఆపి నలభై."

"నలభై నాలుగు," అంది భార్య.

అతను వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుని వదిలేశాడు.

"ఇంకా ఎవరెవరు ఆపారు ఇది చూసి?"

"తెలీదండి. అయ్యగారు నిన్న సాయంత్రం చానల్లోంచి తీసేశారు. కానీ ఫోన్లలో తిరిగింది ఎంతమందికి పోయిందో..."

"అన్నీ రోజులతో సహా రాసుకున్నావంట గదా. మా ఆవిడ చెప్పింది. ఇది రాసుకోలేదా?"

 వత్సవాయి వైపు, నందిగామ వైపు, రోడ్డుకి అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో ఎవరి అటకల మీద మాత్రల అట్టలు ఉన్నాయో చెప్పే కాగితం ఏదీ లేదు. ఎక్కడ మొదలుపెట్టి రాయాలో కూడా తెలియదు.

లోపల నుంచి అతని నంబరు పిలిచారు. అతను కదల్లేదు. ఆమె లేచి, చంకలో చెయ్యి వేసి లేపింది. తెమడ పరీక్షకి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, వెనక ఆరుబయటికి పొమ్మన్నారు. మేం గోడ ఇవతల నిలబడ్డాం. అతను దగ్గడం, ఆగడం, మళ్ళీ దగ్గడం వినిపించింది. ఆమె చీర చెంగు చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది.

చాలాసేపటికి వచ్చాడు.  మూత మరలో పడక డబ్బా నా చేతికిచ్చాడు. నేను మూత బిగించి, దాని మీద చీటీ సరిగ్గా అంటుకుందో లేదో చూసి, కిటికీలో పెట్టాను. ఫలితం ఎల్లుండి అన్నారు.